పార్వతీశం వేషం ఎవరికిద్దాం?

‘బారిష్టర్ పార్వతీశం’ని వెబ్ సిరీస్‌గా తీస్తే పార్వతీశంగా ఎవరు బావుంటారు? పుస్తకాల పిచ్చి ఉన్న నలుగురు తెలుగువాళ్ళు ఒకచోట చేరితే ఎప్పుడో ఒకప్పుడు ఈ ఆట మొదలవుతుంది. మా గ్యాంగులో అయితే రెండు నిమిషాల్లో పది పేర్లు పడ్డాయి. పదీ కమెడియన్లవే. నా పేచీ అక్కడే.

మొక్కపాటి నరసింహశాస్త్రిగారి పార్వతీశం జోకులు వెయ్యడు. 1920ల్లో వచ్చిన మొదటి భాగం గుర్తు తెచ్చుకోండి. మొగల్తూరు నుంచి ఇంట్లో చెప్పకుండా బయల్దేరి, రైలెక్కి, ఓడెక్కి, బారిష్టరు చదువుకి సీమకెళ్ళే ఆ కుర్రాడు ప్రతి పనీ బాగా ఆలోచించే చేస్తాడు. తెలీక ఆడవాళ్ళ టోపీ కొనుక్కున్నప్పుడు కూడా అంతే. అది పెట్టుకుంటే అచ్చం దొరలా ఉన్నానని అతని నమ్మకం. నవ్వంతా ఆ నమ్మకంలోనే ఉంది. నటుడు టోపీ పెట్టుకుని, కళ్ళెగరేసి మనవైపు ఒక్క చూపు చూశాడా, ఆ సీను పోయినట్టే.

పోనీ స్టార్‌ని పెడదామా? తమాషా ఏంటంటే కృష్ణంరాజుదీ చిరంజీవిదీ కూడా మొగల్తూరే. ఆ ఊరికి స్టార్ల కొరత లేదు. కానీ స్టార్ పెట్టుకుంటే మర్నాటికి ఆ టోపీయే ఫ్యాషన్. అతన్ని చూసి ఎవరైనా నవ్వితే మనం నవ్వం, ఫైటు కోసం ఎదురుచూస్తాం.

ఈ కథ సినిమాగా ఒకసారి వచ్చింది కూడా. 1940లో ఆర్. ప్రకాష్ తీస్తే లంక సత్యం పార్వతీశం వేశారు. ఎవరు తీసినా, ఎప్పుడు తీసినా అసలు చిక్కు మాత్రం ఒకటే. కథ చెప్పేది పార్వతీశమే. టోపీ పెట్టుకున్న కుర్రాడొకడు, ఆ సంగతి తర్వాత తీరిగ్గా చెప్తున్న మనిషి ఇంకొకడు. మొదటివాడికి తను నవ్వులపాలవుతున్నానని తెలీదు. రెండోవాడికి అంతా తెలుసు. ఒకే ముఖం ఈ రెండు పనులూ చెయ్యలేదు.

డగ్లస్ ఆడమ్స్ ‘ది హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ’ సంగతి చూడండి. అది 1978లో బీబీసీ రేడియోలో మొదలై నవలల వరసగా పెరిగింది. ఆర్థర్ డెంట్ పాత్రని ఆడమ్స్ సైమన్ జోన్స్‌ని మనసులో పెట్టుకునే రాశాడు. 1981 టీవీ సీరియల్లోనూ అతనే. 2005 సినిమాకి వచ్చేసరికి మార్టిన్ ఫ్రీమన్. ఇద్దరూ చేసింది ఒకటే పని: చుట్టూ ప్రపంచం తలకిందులవుతుంటే మామూలు మనిషిలా బిత్తరపోవడం. నవ్వించే వాక్యాలు చాలావరకు ‘గైడ్’ గొంతువి. ఆ గొంతుకి వేరే మనిషిని పెట్టుకున్నారు. రేడియోలో, టీవీలో పీటర్ జోన్స్, సినిమాలో స్టీఫెన్ ఫ్రై.

ఈ తేడా గురించి నేనింత పట్టుబట్టడానికి కారణం ఉంది. నాది భీమవరం వైపు. ఉద్యోగానికి హైదరాబాదొచ్చిన కొత్తలో నేను “ఆయ్” అంటే చాలు, ఇంకా ఏమీ చెప్పకముందే పక్క సీట్లవాళ్ళు నవ్వేవాళ్ళు. గోదావరి యాస అంటే కామెడీ ట్రాక్ అని సినిమాలు వాళ్ళకి నేర్పేశాయి. అదే యాసలో, నా కొత్త అవస్థలే సంక్రాంతికి ఊరెళ్ళి మా అత్తకీ బావలకీ నేనే చెప్తే పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. నాకూ హాయిగా అనిపించింది. జరిగింది అదే, నవ్వూ అదే. చెప్పేవాడు మారాడు, అంతే. మొక్కపాటివారు ఆ నవ్వుని పార్వతీశం చేతికే ఇచ్చారు. వేషాలిచ్చేవాళ్ళు దాన్ని లాక్కుంటే పల్లెటూరి బైతుని చూసి పట్నం నవ్వే సినిమా ఇంకోటి తయారవుతుంది.

పైగా ఇది మూడు భాగాల కథ. మూడో భాగంలో అతను తిరిగొచ్చి, పెళ్ళి చేసుకుని, ప్రాక్టీసు పెట్టి, స్వాతంత్ర్యోద్యమంలోకి వెళ్తాడు. మొదటి సీజన్‌లో జోకర్ని చేసేస్తే, మూడో సీజన్‌లో ఆ మనిషి దేశం గురించి మాట్లాడితే ఎవడు వింటాడు?

అందుకని నా ఓటు ఇద్దరికి. ఒకడు ఎవరికీ తెలియని నాటకాల కుర్రాడు. ఆడిషన్‌లో టోపీ చేతికిచ్చి “నీకు బావుందిరా” అనాలి. నమ్మి అద్దం వైపు నడిచినవాడికే వేషం. రెండోది గొంతు. అరుగు మీద కూచుని, తను నవ్వకుండా ఊరందర్నీ నవ్వించగల పెద్దాయన ఎవరైనా సరే. ముందు ఆ గొంతుని వెతకండి. కుర్రాడు దొరుకుతాడు.