ముందు టీకా కార్డు, తర్వాతే పాలసీ

నవ్వేవాళ్లు ఉంటే ముందే నవ్వేయండి. ఇవాళ్టి ముచ్చట కుక్కల బీమా గురించి, పిల్లుల బీమా గురించి. మనుషులకే సరిగ్గా పాలసీలు లేని చోట ఇదేం సోకు అని ఖమ్మం బస్టాండులో ఎవరైనా అడిగితే తప్పు పట్టను. కానీ సారపాక పేపరు మిల్లు వైపు, కొత్తగూడెం సింగరేణి క్వార్టర్ల వైపు ఓసారి తిరిగి రండి, పొద్దున్నే లాబ్రడార్లు యజమానులను వాకింగుకి లాక్కెళ్తుంటాయి. ఆ యజమానుల ఫోన్లకు బీమా ప్రకటనలు ఆగకుండా వస్తుంటాయి. అటు చర్ల, దుమ్ముగూడెం దారి పడితే గుడిసెల ముందు నాటు కుక్కలు. వాటికి పేరుంటుంది, పూటకింత గంజి ఉంటుంది, కాగితమంటూ మాత్రం ఒక్కటీ ఉండదు. ఈ రెండు రకాల ఇళ్లకూ పనికొచ్చే మాట ఒకటుంది. దగ్గరకు జరగండి, చెబుతాను.

కుక్క తరఫున ఫిర్యాదు వినడం రాముడి ఊరికి కొత్త కాదు. ఉత్తరకాండలో ఓ కథ వస్తుంది. తల పగిలిన కుక్క ఒకటి రాముడి సభకు వచ్చి, ఫలానా బ్రాహ్మణుడు నన్ను అకారణంగా కొట్టాడని మొర పెట్టుకుంటుంది. కొట్టినవాణ్ణి పిలిపించి అడిగితే ఒప్పుకుంటాడు. ఏ శిక్ష వేయాలో కూడా ఆ కుక్కే చెబుతుంది: కాలంజరంలో మఠాధిపతిని చేయమంటుంది. పోయిన జన్మలో ఆ పదవిలో ఉండే తనకీ గతి పట్టిందట! దాని క్లెయిమ్ అదే చెప్పుకోగలిగింది గనక సరిపోయింది. మన ఇంటి కుక్కకు ఆ నోరు లేదు. దాని బదులు మాట్లాడేవి మన చేతిలోని కాగితాలే. అవి సరిగ్గా లేకపోతే ఎంత ఖరీదైన పాలసీ అయినా దండగ.

లోకం సంగతి రెండు ముక్కల్లో అనుకుందాం. స్వీడన్‌లో 1924లోనే ఓ కుక్కకు పాలసీ ఇచ్చారు. ఇవాళ ఆ దేశంలో పెంపుడు కుక్కల్లో ఎక్కువ భాగానికి బీమా ఉంది. అమెరికాలో 1982లో మొదటి పాలసీ టీవీలో పేరు మోసిన లాస్సీ అనే కుక్కకు దక్కింది. మన దేశంలోనూ న్యూ ఇండియా లాంటి ప్రభుత్వ రంగ సంస్థలు కుక్కలకు పాలసీలు ఇస్తూనే ఉన్నాయి, అడిగేవాళ్లే తక్కువ. 2020లో బజాజ్ అలయన్జ్ కుక్కల బీమాతో వచ్చాక ప్రైవేటు కంపెనీల సందడి మొదలైంది. పిల్లులకు చోటు దొరికింది ఈ మధ్యే.

మన రైతుకు జంతువుల బీమా తెలియనిదేం కాదు. ఆవు చెవికి పన్నెండు అంకెల పసుపు బిళ్ల వేసి చేసే బీమా చూశాడు. జాతీయ పశుసంపద మిషన్ కింద 2024 నుంచి ప్రీమియంలో రైతు వాటా 15 శాతమే, మిగతాది ప్రభుత్వాలది. ఆ జాబితాలో ఆవు, గేదె, గొర్రె, మేక, పంది, గాడిద, చివరికి కుందేలు కూడా ఉంది. కుక్క లేదు, పిల్లి లేదు. ఆ మందను రాత్రంతా కాసేది కుక్కే అయినా సరే, దాని ప్రీమియం మొత్తం మన జేబులోంచే పోవాలి. అందుకే ‘చవక’ అనే మాటను ఇక్కడ కొంచెం నిదానంగా చూడాలి.

హైదరాబాదులో కుక్కకు వచ్చే కష్టాలు వేరు, అడవి అంచున కుక్కకు వచ్చే కష్టాలు వేరు. వేసవిలో తునికాకుకు వెళ్లే మనిషి వెంట కుక్క కూడా వెళ్తుంది. వచ్చేటప్పుడు చెవుల్లో, వేళ్ల సందుల్లో పిడుదులు తెచ్చుకుంటుంది. వాటితోపాటే ఎర్లీకియా, బెబీసియా జ్వరాలు వస్తాయి. కుక్క తిండి మానేస్తుంది, చిగుళ్లు పాలిపోతాయి, ఒక్కోసారి ముక్కులోంచి నెత్తురు కారుతుంది. ఎర్లీకియా అయితే డాక్సీసైక్లిన్ మాత్రలు నాలుగు వారాల దాకా వాడాల్సి ఉంటుంది, మధ్యలో రక్త పరీక్షలు సరేసరి. తర్వాత పాములు. తాచు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటికీ కలిపి మనుషులకిచ్చే విరుగుడు మందునే సాధారణంగా కుక్కలకూ ఎక్కిస్తారు. సీసాల లెక్కన బిల్లు పెరుగుతుంది. అడవి పంది కోరకు చీలిన పొట్ట, ఇసుక లారీ కింద నలిగిన కాలు సరేసరి.

గోదావరిని మరిచిపోకూడదు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. 2022 జులైలో 71.3 అడుగులు. 53 అడుగులు దాటితేనే మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసే చోట ఇది. వరద తీసిన తర్వాత ఎలుకల మూత్రం కలిసిన నిలవ నీళ్లలో లెప్టోస్పైరా అనే క్రిమి ఉంటుంది. ఆ నీళ్లు తాగిన కుక్కకు కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి. అది మనకూ అంటుకునే జబ్బే.

ఇప్పుడు పాలసీ పత్రం తీసి చూడండి. ముందు పేజీలో నవ్వుతున్న కుక్క బొమ్మ ఉంటుంది, దాన్ని వదిలేయండి. వెనక పేజీల్లో ‘వర్తించనివి’ అనే భాగం ఉంటుంది, అసలు పాలసీ అక్కడుంది. రేబిస్, డిస్టెంపర్, పార్వో, లెప్టో లాంటి టీకా ఉన్న జబ్బులకు, టీకా వేయించినట్టు రుజువు లేకపోతే సాధారణంగా పైసా రాదు. అంటే మన వరద నీటి జబ్బుకు డబ్బు వచ్చేదీ రానిదీ తేల్చేది పాలసీ ధర కాదు, టీకా కార్డు మీది తేదీ. కుక్కపిల్లకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి కలగలుపు టీకా, మూడు నాలుగు వారాలకు బూస్టరు, మూడు నెలలకు రేబిస్, ఆపైన ఏటా. పిల్లికీ దాని టీకా ఎనిమిది వారాలకు, రేబిస్ మూడు నెలలకు. ఈ వరస తప్పకుండా, డాక్టరు సంతకం, టీకా సీసా మీది స్టిక్కరు కార్డు మీద ఉండాలి.

“టీకాలు వేయిస్తున్నాం కదా, ఇక బీమా ఎందుకు?” అంటారా? సరైన ప్రశ్న. టీకా పాముకాటును ఆపదు, లారీని ఆపదు. అక్కడే పాలసీకి పని. అయితే కొనేముందు నాలుగు ప్రశ్నలు వేయండి. పిడుదుల జ్వరానికి మందుల ఖర్చు ఇస్తారా, లేక ఆసుపత్రిలో చేర్చి ఆపరేషన్ చేస్తేనే ఇస్తారా? పాముకాటు, అడవి జంతువు దాడి ప్రమాదం కింద లెక్కేనా? నాటు కుక్కను తీసుకుంటారా, దాని వయసుకు ఏ రుజువు అడుగుతారు? వయసు హద్దు ఎంత? కొన్ని పాలసీల్లో పెద్ద జాతులకు చిన్న జాతులకంటే ముందే తలుపు మూసేస్తారు. వెయిటింగ్ పీరియడ్ సంగతి కూడా అడగండి. జ్వరం వచ్చాక కొన్న పాలసీ ఆ జ్వరానికి పనికిరాదు.

మన వైపు మరో చిక్కు ఉంది. ప్రభుత్వ పశువుల దవాఖానాలో వైద్యం ఉచితం. తెలంగాణలో 2017 నుంచి 1962కు ఫోన్ చేస్తే పశువైద్య అంబులెన్సు ఇంటి దాకా వస్తుంది. మంచిదే! కానీ బిల్లు లేని వైద్యానికి క్లెయిమ్ లేదు. బయట కొన్న మందులకు మాత్రం రసీదు తీసుకోవాలి. ఊళ్లో ముందు దొరికేది గోపాలమిత్ర. పశువుల పని తెలిసిన మనిషే, కాదనను. కానీ కంపెనీ ఒప్పుకునేది రిజిస్టరైన పశువైద్యుడి చీటీనే. ఇక పెద్ద ఆపరేషనంటే ఖమ్మమో, వరంగల్ దగ్గర మామునూరు పశువైద్య కళాశాలో, అటు గన్నవరమో పోవాలి. ఆ బండి కిరాయి పాలసీలో ఉంటుందని ఆశపడొద్దు. పైగా చాలాసార్లు ముందు మనమే కట్టి తర్వాత రాబట్టుకోవాలి. అర్ధరాత్రి చేతిలో డబ్బు లేనివాడికి నెల తర్వాత వచ్చే డబ్బు ఏ పాటి?

కాబట్టి నా లెక్క ఇది. నాటు కుక్క, ఇంటి పిల్లి అయితే టీకాలు, పిడుదుల మందు, వాటి పేరు మీద పోస్టాఫీసులో నెలకు మూడొందలు. ఏడాదికి మూడు వేల ఆరొందలు అవుతాయి. పాము కరవకపోతే ఆ డబ్బు మనదే, ప్రీమియం అయితే తిరిగి రాదు. వేలు పోసి జాతి కుక్కను తెచ్చుకున్నవాళ్లు, పట్టణంలో డాక్టరుకు దగ్గరగా ఉన్నవాళ్లు, ఒక్కసారి వచ్చే పెద్ద బిల్లును తట్టుకోలేమనుకునేవాళ్లు పాలసీ తీసుకోవచ్చు. తీసుకుంటే చిన్న చిన్న కన్సల్టేషన్ ఫీజుల కవరు వదిలేసి ఆపరేషన్, ప్రమాదం, ఇతరులకు కలిగించిన నష్టం, ఈ మూడింటికీ ప్రీమియం పెట్టండి. మూడోది చిన్న విషయమని దాటేయొద్దు. పెంపుడు జంతువును అజాగ్రత్తగా వదిలితే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా పడొచ్చు. జైలుకు పాలసీ లేదు గానీ కరిపించుకున్నవాడి నష్టపరిహారం విషయంలో ఆ కవరు ఆదుకుంటుంది. వేటకు తీసుకెళ్లి దెబ్బ తగిలితే మాత్రం ఎవరూ ఆదుకోరు, 1972 నాటి చట్టం కింద వన్యప్రాణుల వేట నేరమే.

క్లెయిమ్ కొట్టేశారా? ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాసుకోవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. రాముడి సభలో కుక్క నిలబడ్డ చోట ఇప్పుడు మనం నిలబడాలి, అంతే తేడా. ఫోటోలు, రసీదులు, మైక్రోచిప్ వేయిస్తే దాని నంబరు, చనిపోతే పోస్టుమార్టం నివేదిక, అన్నీ ఒక్క సంచిలో పెట్టుకోండి.

టీకా మీ ఇంటి గడపతో ఆగేది కాదని కూడా చెప్పాలి. 2018లో గిర్ అడవిలో ఇరవైకి పైగా సింహాలు చచ్చిపోతే, వాటిలో డిస్టెంపర్ వైరస్ బయటపడింది. కుక్కల్లో విరివిగా తిరిగే జబ్బది. కిన్నెరసాని అభయారణ్యంలో చిరుతలున్నాయి, రేచుకుక్కలున్నాయి. పాల్వంచ చుట్టుపక్కల ఊళ్లలో ఒక్కో కుక్కకు పడ్డ టీకా వాటికీ కొంత కాపే. ఈ కవరుకు ఏ కంపెనీ ప్రీమియం అడగదు.

ఇంతా విని పాలసీ సంగతి ఇంకా తేలలేదంటారా? తేలకపోతే నష్టం లేదు, వచ్చే నెల ఆలోచించండి. పాశ్చర్ 1885లో తొలి రేబిస్ టీకా ఇచ్చిన జులై 6న ఏటా పశువుల దవాఖానాల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. ఆ రోజు మాత్రం వాయిదా వేయొద్దు. కుక్కకు గొలుసు వేసి నడిపించుకెళ్లండి. పిల్లిని మటుకు మూతున్న గంపలోనే తీసుకెళ్లండి, దవాఖానాలో అవతలివాళ్ల కుక్కను చూసి అది మీ భుజమెక్కితే ఆ గీతలకు ఏ పాలసీలోనూ డబ్బు రాదు.