మూడు రోజుల శోర్‌బా

మన ఇళ్లలో బిర్యానీ దేగ్‌చీ మూత తీయగానే ముక్కుకు తగిలే ఖుష్బూలో సగం బాదియాన్‌ది. తెలుగులో అనాసపువ్వు. నక్షత్రంలా ఉండే ఆ ఎండు పువ్వు పుట్టిల్లు చైనా దక్షిణపు కొండలు, వియత్నాం ఉత్తరాన లాంగ్ సన్ ఇలాకా. మనం గోష్త్‌లో వేసుకుంటాం. వాళ్లు శోర్‌బాలో వేసుకుంటారు. దాల్చినచెక్క, లవంగం, పెద్ద ఇలాచీ కూడా. మసాలా డబ్బా ఇంచుమించు ఒకటే.

ఆ శోర్‌బా పేరు ఫో. రాయడానికి ఫో అంటున్నాను గానీ, వాళ్ల నోట అది ‘ఫ’కి దగ్గరగా, చివర ఏదో సవాల్ వేసినట్టు పైకి లేస్తుంది. ఆ స్వరానికి వాళ్లు పెట్టుకున్న పేరు ‘హోయ్’ అట, అంటే ‘అడగడం’. ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసి, ‘జ’కీ ‘జ’కీ తేడా చెప్పలేక తెలుగు సార్ల దగ్గరా, చెప్పి చెప్పి మొహల్లా కుర్రాళ్ల దగ్గరా నవ్వులపాలైన నాకు ఇలాంటి ముచ్చట్లు భలే పసంద్.

ఫో మరీ పురానా వంటకమేం కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో హనోయి, నామ్ దిన్ వైపు పుట్టింది. అంతకుముందు అక్కడి రైతుకు పశువంటే దున్నడానికే. ఫ్రెంచి దొరలొచ్చాక గోష్త్ కోయడం పెరిగింది, దొరలు వదిలేసిన ఎముకలు గరీబుల దేగ్‌చీల్లోకి చేరాయి. కావిడికి ఒక వైపు పొయ్యి, శోర్‌బా, రెండో వైపు గిన్నెలు, బియ్యప్పిండి సేమ్యా. అలా భుజాన మోస్తూ వీధుల్లో అమ్మేవాళ్లు. 1954లో ముల్క్ రెండు ముక్కలైనప్పుడు ఉత్తరం నుంచి లక్షల మంది దక్షిణానికి తరలిపోయారు, వాళ్లతోపాటు ఫో సైగాన్ చేరింది. 1975లో సైగాన్ పడిపోయాక పడవలెక్కినవాళ్లతో అమెరికా చేరింది.

అందుకే టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌లో, మన కుర్రాళ్లు వందల మంది చదివే యూనివర్సిటీకి కూతవేటు దూరంలో, నేను ఒక ఫో గిన్నె ముందు కూర్చోగలిగాను. మా ఆపా కొడుకు అక్కడే ఎమ్మెస్ చేశాడు. డిసెంబరులో వాడి కాన్వొకేషన్‌కి ఆపా రాలేనంది, నన్ను పంపింది. పంపుతూ ఒక పని అప్పజెప్పింది. వాడినే అడగొచ్చుగా అన్నాను. “అడిగాను. తిన్నానమ్మీ అంటాడు, అంతే. నువ్వు అఖ్బారోడివి, నువ్వు కనుక్కో” అంది.

సంగతేమిటంటే, రెండేళ్ల కిందట ఫిబ్రవరిలో దూల్హాభాయ్ ఇంతెకాల్ అయ్యారు. పొద్దున ఛాతీనొప్పి, జొహర్‌కల్లా అంతా అయిపోయింది. అసర్ తర్వాత జనాజా. ఇక్కడ సాయంత్రం అయిదంటే అక్కడ తెల్లవారుజాము అయిదున్నర. విమానం ఎక్కినా వాడు చేరేసరికి మట్టి ఆరిపోతుంది. వీసా భయం వేరే. ఫోన్‌లో చూశాడు. ఖబ్రస్తాన్‌లో సిగ్నల్ సరిగా లేదు, చివరి మట్టి వేసేటప్పుడు బొమ్మ ఆగిపోయింది.

మూడు రోజులు ఆపా ఇంట్లో చూల్హా వెలగలేదు. మొహల్లా వాళ్లు ఖానా తెచ్చారు. పక్కింటి తెలుగువాళ్లు కూడా పప్పూ అన్నం పంపారు. జాఫర్ రజి. షహీదైనప్పుడు ఆ ఇంటివాళ్లకు వంట చేసి పంపమని రసూలుల్లా చెప్పిన రివాజు ఇది, మనందరికీ తెలిసిందే. ఆపా బాధ అదే. “నాకు పాతిక ఇళ్ల నుంచి గిన్నెలొచ్చాయి. వాడికి ఎవరు పెట్టారు?”

దానికితోడు మా ఖాన్‌దాన్‌లో ఒక పాత కథ ఉంది. మా పర్‌నానా కళింగపట్నంలో ఓడెక్కి రంగం వెళ్లినవాడు. సికాకోల్ వైపు కూలీలతో రంగూన్ రేవు నిండిపోయిన రోజులవి. ఆయన అమ్మీ పోయిన ఖబర్ ఖత్‌లో వెళ్లింది. అది చేరేసరికి ఇక్కడ చాలీస్‌వా కూడా అయిపోయింది. 1942లో జపాన్ వాళ్ల బాంబులకి నడిచొచ్చిన వాళ్లలో ఆయనా ఉన్నాడు. ఆ నడక గురించి చెప్పేవాడట గానీ, ఖత్ చదివిన రోజు గురించి ఎన్నడూ ఒక్క మాట చెప్పలేదట.

సరే, హోటలు. ఎనిమిది టేబుళ్లు, గోడకి కేలెండరు, గల్లా దగ్గర అరవై దాటిన ఆవిడ. నేను మెనూ చూడకముందే “మామూ, ఇక్కడ గోష్త్ మనకి కుదరదు. జబీహా కాదు” అన్నాడు భాంజా. సబ్జీ ఫో చెప్పాడు. మరి శోర్‌బా ఎముకలదే కదా అంటే, కాదు, వేరే దేగ్‌చీ అన్నాడు. వాళ్లలో బౌద్ధులు అమావాస్యకీ పున్నమికీ మాంసం ముట్టరు. ఆ ఖానాని ‘చాయ్’ అంటారు (మన చాయ్ కాదు). దానికి శోర్‌బా ముల్లంగి, క్యారట్, పుట్టగొడుగులతో, నిప్పుమీద నల్లగా కాల్చిన ఉల్లీ అల్లంతో విడిగా కాస్తారు. మొదటిసారి వచ్చినప్పుడు వీడు భయంభయంగా అడిగితే, ఆవిడ లోపలికి తీసుకెళ్లి రెండు దేగ్‌చీలూ, రెండు గరిటెలూ చూపించిందట. ఆవిడది సైగాన్. డాంగ్ జూ వీధిలో మనవాళ్లే, దక్షిణ హిందుస్తాన్ ముసల్మానులు, 1935లో కట్టించిన మసీదు ఉంది. అది తెలిసిన మనిషికి హలాల్ గురించి సబక్ చెప్పనక్కర్లేదు.

గిన్నె వచ్చింది. తలకాయంత గిన్నె. పక్కన పళ్లెంలో పచ్చి మొలకలు, నిమ్మబద్ద, తులసిలాంటి ఆకు, మిర్చి ముక్కలు. నేను కోడిపుంజు బొమ్మున్న ఎర్ర సాస్ సీసా అందుకోబోతే ఆవిడ గల్లా దగ్గర్నుంచే తల అడ్డంగా ఊపింది. ముందు ఉత్త శోర్‌బా రుచి చూడాలట, తర్వాత నీ ఇష్టం. చూశాను. బిర్యానీ ఖుష్బూ, రసం పలచన, ఉప్పు తక్కువ. నిజం చెప్పాలంటే ఈద్ మర్నాటి మన పాయా ముందు నిలబడదు. అయినా ఆ చలిలో, గొంతు నుంచి కడుపుదాకా వెచ్చగా దిగింది. సేమ్యా జుర్రుకుంటే చప్పుడొస్తుంది. అక్కడ అందరూ చప్పుడు చేస్తూనే తింటున్నారు.

సగం గిన్నె అయ్యాక అడిగాను. “అబ్బా పోయిన రోజు ఏం తిన్నావురా?”

వాడు చాప్‌స్టిక్స్ కింద పెట్టాడు. ఆ రోజు ఏమీ తినలేదట. రూమ్మేట్లు బ్రెడ్డూ అరటిపళ్లూ పెట్టారు, దిగలేదు. మర్నాడు సాయంత్రం ల్యాబ్ నుంచి నడుస్తూ నడుస్తూ ఇక్కడికొచ్చి, ఇదే మూల కూర్చున్నాడు. గిన్నె వచ్చింది. చెంచా ముట్టలేదు. ఆవిడ వచ్చి రుచి బాగాలేదా అని అడిగింది. “మై ఫాదర్” అన్నాడట, అంతకుమించి మాట రాలేదు. ఆవిడా ఏమీ అనలేదు. చల్లారిన గిన్నె తీసేసి వేడిది తెచ్చిపెట్టింది. అదీ చల్లారింది. ఇంకోటి తెచ్చింది. మూడోది తిన్నాడు.

“డబ్బులు తీసుకోలేదు మామూ. రేపు ఇదే టైముకి రా అంది. ఆ మర్నాడూ రమ్మంది. మూడు రోజులు.”

మూడు రోజులు అని ఆవిడకి ఎవరు చెప్పారని అడిగాను. ఎవరూ చెప్పలేదన్నాడు. అమ్మీకి ఎందుకు చెప్పలేదంటే, ఎవరో పరాయి హోటల్లో కూర్చుని ఏడుస్తూ తిన్నానని ఎలా చెప్పనూ అన్నాడు. వాడు మొహం తుడుచుకోవడానికి వెళ్లినప్పుడు నేను బిల్లు కట్టాను. ఆవిడతో ఏదో చెబుదామనుకున్నాను. నా ఇంగ్లీషు ఆవిడకి, ఆవిడ ఇంగ్లీషు నాకు సగమే అర్థమవుతుంది. ఛాతీ మీద చెయ్యి పెట్టి తల వంచాను. ఆవిడ చిల్లర లెక్కపెట్టి ఇచ్చింది.

శ్రీకాకుళం వచ్చి ఆపాకి అంతా చెప్పాను. దస్తర్‌ఖాన్ ముందు కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత వరసగా సవాళ్లు. శోర్‌బాలో ఏమేస్తారు? బాదియాన్ వేస్తారా? మూడు గిన్నెలు పారబోసిందా, రెండా? ఆవిడకి పిల్లలున్నారా? చివరికి లేచి, అల్మారీలోంచి పలాస జీడిపప్పు రెండు కిలోలు తీసి మూట కట్టింది. పోస్టులో వద్దట, మనిషి చేతికే ఇవ్వాలట.

డాలస్ వైపు వెళ్లేవాళ్లు మీ ఇళ్లలో ఎవరైనా ఉంటే ఖబర్ చేయండి. మూట ఇంకా నా దగ్గరే ఉంది, ఆపా రోజూ అడుగుతోంది.