కదిలిపోయిన గొర్రె

కొన్నేళ్ళ క్రితం ఆన్‌సైట్‌కి వెళ్ళినప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఫ్రెంచ్ చిత్రకారిణి రోసా బొనర్ వేసిన 'హార్స్ ఫెయిర్' చూశాను. దాదాపు అయిదు మీటర్ల వెడల్పు. ఎగిరిపడే గుర్రాలు, వాటిని అదుపు చేయలేక తంటాలు పడే మనుషులు. "అబ్బ, ఎంత పెద్దదో" అనుకుని, ఫోటో తీసుకుని ముందుకెళ్ళిపోయాను.

ఆవిడ నన్ను నిజంగా ఆపింది మొన్నీమధ్య, లాప్‌టాప్‌లో ఆవిడ స్కెచ్‌లు చూస్తున్నప్పుడు. ఒకే కాగితం మీద గొర్రె తల నాలుగైదు సార్లు. ఒకచోట చెవులు వెనక్కి, ఇంకోచోట మూతి నేలకి. కొన్ని కాళ్ళు మోకాలి దగ్గరే ఆగిపోయాయి. గొర్రె కదిలిపోయుంటుంది. ఆవిడ విసుక్కోకుండా పక్కనే ఇంకోటి మొదలుపెట్టినట్టుంది. ఆ గీతల్లో తొందరా ఉంది, ఓపికా ఉంది.

ఆ ఓపిక ఊరికే రాలేదు. ఆవిడ నేర్చుకునే కాలానికి పారిస్‌లోని ప్రభుత్వ చిత్రకళా విద్యాలయంలో ఆడవాళ్ళకి ప్రవేశం లేదు. జంతువుల ఎముకలూ కండరాలూ తెలుసుకోవడానికి కబేళాలకి వెళ్ళింది. సంతల్లో తిరగడానికి ప్యాంటు వేసుకోవాలంటే పోలీసుల దగ్గర అనుమతి పత్రం తీసుకుంది. 1849లో వేసిన 'నివర్నేలో దుక్కి'లో ఎడ్ల మెడలు చూస్తే నాగలి బరువు మనకీ తెలుస్తుంది.

నాకు తగిలింది మాత్రం ఆవిడ చిన్నతనం. చదువు ఎంతకీ ఒంటబట్టకపోతే, వాళ్ళమ్మ ఒక్కో అక్షరానికి ఒక్కో జంతువు బొమ్మ వేయించి నేర్పిందట. రోసాకి 11 ఏళ్ళప్పుడే ఆ తల్లి పోయింది.

మా పాపకి ఆరేళ్ళు. "రీడింగ్‌లో వెనకబడింది" అని స్కూల్ వాళ్ళు రెండుసార్లు పిలిచి చెప్పారు. ఆఫీసు కాల్స్ మధ్యలో నేను ఫ్లాష్‌కార్డులు పట్టుకుని కూర్చునేవాణ్ణి. నేను అరిచేవాణ్ణి, తను ఏడ్చేది. తప్పు ఎక్కడుందో వెతకడమే నా ఉద్యోగం కదా. ఇంట్లో దాన్ని పిల్లలో వెతికాను.

ఆ రాత్రి గొర్రెల కాగితం తనకి చూపించాను. చాలాసేపు చూసి, సగంలో ఆగిన కాలి మీద వేలు పెట్టి, "ఇది కదిలింది కదా నాన్నా!" అంది. నేనేం చెప్పలేదు.

ఇప్పుడు ఫ్లాష్‌కార్డులు సొరుగులో ఉన్నాయి. చదవడం వచ్చిందా అంటే, ఇంకా లేదు. స్కూల్ నుంచి మళ్ళీ పిలుపొస్తుంది, తెలుసు. నిన్న నోట్‌బుక్‌లో 'క' పక్కన మా వీధి కుక్కని వేసింది. దానికి అయిదు కాళ్ళు. ఒకటి ఎక్కువైంది అనబోయి ఆగిపోయాను.