నవ్వు నాలుగు విధములు

“నవ్వు నాలుగు విధముల చేటు” అని పెద్దలు చెప్పుదురు. ఆ మాటలో నిజమెంతయో మా సంసారమున తెలిసికొంటిమి గనుక సోదరీమణులతో ముచ్చటింప దలచితిమి.

మావారు హాస్యప్రియులు. క్రొత్తకాపురములో మా బెరుకును పోగొట్టినది వారి పరిహాసమే. పాలు పొంగి పొయ్యిమీద పడినను, ఆరవేసిన బట్టలన్నియు వానలో తడిసినను, వారొక మాట యనినచో మా కోపము నిలిచెడిది కాదు.

ఒక సంక్రాంతికి బంధువులు పలువురు వచ్చిరి. తొందరలో మేము పులుసున ఉప్పు రెండు మాఱులు వేసితిమి. పంక్తిలో మావారు, “ఇక సముద్రస్నానమునకు పోనక్కఱలేదు, సముద్రమే మన విస్తరిలోనికి వచ్చినది” అనిరి. అందఱును నవ్విరి. మేమును నవ్వితిమి. కాని నేయి వడ్డించుచున్న మా తల్లిగారి ముఖము చిన్నబోయినది. అది చూచి మేము వంటయింటిలో కన్నీరు తుడుచుకొంటిమి. పిమ్మట ఎనిమిది దినములు అడిగినదానికి బదులే గాని మా నోట వేఱు మాట లేదు.

ఆ దినములలో మునిమాణిక్యం నరసింహారావుగారి కాంతం కథలు మరల చదివితిమి. అందు కాంతము భర్తకు మాటకు మాట చెప్పును. భర్త తన యోటమిని తానే చెప్పుకొని నవ్వించును. మా యింట లోపించినది అదియే యని తోచినది.

కెనడా దేశపు మనశ్శాస్త్రజ్ఞుడు రాడ్ మార్టిన్‌గారును వారి సహచరులును 2003లో హాస్యమును 4 విధములుగా వింగడించిరి. నలుగురిని దగ్గఱకు చేర్చునది, కష్టములో తనకు ధైర్యమిచ్చునది, ఎదుటివారిని నొప్పించునది, తన్ను తాను కించపఱచుకొనునది. తొలి రెండును మేలు. కడపటి రెండును చేటు. తన్ను వెక్కిరించువారితో కలిసి నవ్వుట నాలవదానిలోనిదే. ఆనాడు వారు పలికినది మూడవది. మేము నవ్వినది నాలవది.

తొమ్మిదవనాటి ఉదయమున మావారే కాఫీ కలిపిరి. ఒక్క గ్రుక్క త్రాగి, “సముద్రము నా గ్లాసులోనికిని వచ్చినది” అనిరి. చక్కెరకు మాఱుగా ఉప్పు పడినది! మోము చిట్లింపక తుదివఱకు త్రాగిరి. మాకు నవ్వాగలేదు. తెలిసి వేసిరో, తెలియక వేసిరో మేమడుగలేదు. ఆ సాయంకాలమే మా తల్లిగారికి ఫోను చేసి ఆ సంగతి తామే చెప్పి, పండుగనాటి మాటకు మన్నింపు కోరిరి.

సోదరీమణులారా! దంపతుల నడుమ నవ్వు ఉండవలసినదే. అయితే అది ఇద్దఱి నవ్వా, ఒక్కరి నవ్వా యని చూచుకొనుట మఱవరాదు. ఒక్కరిదే యైనచో, మేము చేసినట్లు నవ్వి యూరకుండక, ఆ మాట ఏకాంతమున చెప్పివేయుట మేలు. మాకు ఎనిమిది దినములు పట్టినది. మీకు ఒక్క పూట చాలును.