చుక్కల మాట వినే ఊరు – మా ఖోడద్ ప్రయాణం



మొన్న ఫిబ్రవరి 28న నేను ఖోడద్ పోయివచ్చిన. పండరపురం కాదు, తుల్జాపురం కాదు, ఈ ఖోడద్ ఎక్కడిదని మా గల్లీలో అందరూ అడిగిండ్రు. పూణె జిల్లా జున్నర్ తాలూకాలో నారాయణగావ్ దగ్గర ఉన్న పల్లె అది. ఆకాశం నుంచి వచ్చే రేడియో అలలను పట్టే పెద్ద పెద్ద డిష్‌లు అక్కడ ఉన్నయి. వాటిని చూడటానికే పోయినం.

ముందు సంగతి చెప్తా. 2023 జనవరిలో ఒకనాడు అశోక్ చౌక్ దగ్గర చాయ్ తాగుతుంటే ఒకాయన ఫోన్ చూపించి, "పూణె దగ్గర వేరే లోకపోళ్ల సిగ్నల్ దొరికిందట" అన్నడు. హోటల్లో అందరికీ అదే ముచ్చట. వాళ్లు మన దిక్కు వస్తే షోలాపూర్ చద్దర్ అమ్మొచ్చని ఒకరు నవ్వించిండ్రు. ఇంటికొచ్చి మనుమరాలికి చెప్పిన. అప్పుడామె ఆరో తరగతి. ఆమె ఏదో అన్నది, నాకు సగమే వినపడ్డది. 38 ఏండ్లు లూమ్‌ల నడుమ నిలబడ్డ చెవులు నావి. ఆమెకు అలవాటే, నోట్‌బుక్ తీసి పెద్ద అక్షరాలతో రాసి చూపించింది: "తాతా, అది మనుషుల మాట కాదు. హైడ్రోజన్."

అప్పటినుంచి ఆ ఊరు చూడాలని మనసులో ఉండె. ఈ యేడు ఆమె తొమ్మిదో తరగతి. బడివాళ్లు బస్సు పెట్టిండ్రు. ఏటా ఫిబ్రవరి 28న, సైన్స్ దినం నాడు, ఖోడద్‌లో జనాన్ని లోపలికి రానిస్తరు. పిల్లల వెంట నలుగురు పెద్దోళ్లు కావాలన్నరు. కొడుక్కు షిఫ్ట్ ఉండె, కోడలు బీడీలు కార్ఖానాకు అప్పజెప్పాలె. నేను ఎక్కిన.

రాత్రి బయలుదేరినం. మోహోళ్, టెంభుర్ణి, ఇందాపూర్ దాటి తెల్లవారుజామున ఒక హోటల్ దగ్గర బస్సు ఆగింది. వెనుకకు పోయి చూస్తే ఉత్తరాన సప్తర్షులు ఎంత స్పష్టంగా ఉన్నారో! మన పెండ్లిళ్లలో అయ్యగారు పగటిపూటే చెయ్యి ఎత్తి అరుంధతిని చూపిస్తడు, అందరం చూసినట్టు తల ఊపుతం. ఆ రోజు నిజంగా చూసిన, వశిష్ఠుడి పక్కన సన్నటి చుక్క. మనుమరాలు వేళ్లతో లెక్కబెట్టి చెప్పింది: ఆ వెలుగు మన దాకా రావడానికి 80 ఏండ్లు దాటుతుంది. అంటే నేను చూసిన వెలుగు దేశానికి స్వాతంత్ర్యం రాకముందు అక్కడినుంచి బయలుదేరింది. నేను అప్పటికి పుట్టలేదు.

పూణె దాటి నాశిక్ రోడ్డు మీద చాకణ్, రాజ్‌గురునగర్, మంచర్, ఆ తర్వాత నారాయణగావ్. తమాషా మేళాలకు, టమాట మార్కెట్‌కు పేరున్న ఊరు అది. అక్కడినుంచి పక్కకు తిరిగి పొలాల నడుమ పోతుంటే ఉల్లి చేన్ల వెనుక ఒక్కసారిగా తెల్లటి డిష్ కనపడ్డది. తర్వాత ఇంకొకటి, ఇంకొకటి.

మొత్తం 30 డిష్‌లు. ఒక్కొక్కటి 45 మీటర్ల వెడల్పు. మన రెండు గదుల ఇండ్లు ఎన్ని పడతయో లెక్క చూసుకోండి. 14 డిష్‌లు ఒక కిలోమీటరు జాగలో ఉన్నయి. మిగతా 16 మూడు దిక్కులకు దూరదూరంగా పోయినయి. ఈ కొస నుంచి ఆ కొసకు సుమారు 25 కిలోమీటర్లు. దీని పేరు జీఎంఆర్‌టీ. టాటా సంస్థ పేరు మీద ఉన్న టీఐఎఫ్ఆర్ వాళ్ల కేంద్రం దీన్ని నడుపుతుంది. గోవింద్ స్వరూప్ అనే శాస్త్రవేత్త దీన్ని ఊహించి కట్టించిండు. అంతకుముందు 1970లో ఊటీ కొండ వాలు మీద 530 మీటర్ల పొడవున్న రేడియో దూరదర్శిని కట్టిందీ ఆయనే. 2001లో రతన్ టాటా చేతుల మీదుగా ఖోడద్‌ను అంకితం చేసిండ్రు. స్వరూప్ గారు 2020లో పోయిండ్రు.

దగ్గరికి పోయి తల ఎత్తి చూసి నేను ఆగిపోయిన. డిష్ అంటే రేకుతో చేసిందనుకున్న. రేకు కాదు, జాలి! పడుగు, పేక లాగ నిలువు తీగలు, అడ్డం తీగలు. తుప్పు పట్టని ఉక్కు తీగ, అర మిల్లీమీటరు కంటే కొంచెం లావు. నడుమ భాగంలో కన్ను ఒక సెంటీమీటరు, అంచుకు పోయేకొద్దీ రెండు సెంటీమీటర్లు. తాళ్లు బిగించి ఆ జాలిని లాగి గిన్నె ఆకారం తెచ్చిండ్రు. మగ్గం మీద పడుగు బిగువు ఎట్ల చూసుకుంటమో అట్లనే.

అక్కడ వివరం చెప్పే పిల్లవాణ్ని మరాఠీలో అడిగిన, ఇన్ని కండ్లు ఉంటే అలలు జారిపోవా అని. "ఆజోబా, దోమతెర చూడండి" అన్నడు. దోమతెరలో గాలి పోతుంది, దోమ ఆగుతుంది. ఇక్కడ పట్టే అలలు 21 సెంటీమీటర్లు, ఇంకా పొడవైనవి. రెండు సెంటీమీటర్ల కన్ను వాటికి గోడ లెక్క. గాలి మాత్రం జాలిలోంచి దూరిపోతుంది కాబట్టి పెద్ద గాలికి డిష్ తట్టుకుంటుంది, బరువూ తక్కువ, ఖర్చూ తక్కువ. ఏ సరుకు ఆపాలో తెలిస్తే ఎంత కన్ను పెట్టాలో తెలుస్తుంది. ఈ ముక్క నేతపని చేసినోళ్లకు విప్పి చెప్పనక్కరలేదు.

ఒక్క డిష్ ఒంటరిగా ఎక్కువ వినలేదు. 30 డిష్‌లు విన్నదాన్ని వైర్ల మీద ఒక్క భవనానికి తెస్తరు. అక్కడ కంప్యూటర్లు ఒక్కొక్క జంటను కలిపి చూస్తయి. 30 డిష్‌లకు 435 జంటలు. అట్ల కలిపితే 25 కిలోమీటర్ల ఒకే డిష్ చూసినంత సన్నగా కనపడుతుంది.

ఇక చుక్కలంటే ఏమిటో నాకు అర్థమైనంత చెప్తా. మన సూర్యుడు కూడా ఒక చుక్కే, దగ్గర ఉన్నడు కాబట్టి పెద్దగా కనపడుతడు. అన్ని చుక్కలకూ నూలు ఒక్కటే, హైడ్రోజన్. సూర్యుడి నడిమధ్య వేడి సుమారు 1.5 కోట్ల డిగ్రీలు. అక్కడ ప్రతి సెకనుకు సుమారు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్ హీలియంగా మారుతుంది. ఆ మార్పులో పుట్టిన వెలుగే మన ఎండ. ఇంకో 500 కోట్ల ఏండ్లకు సరిపడా సరుకు ఉంది.

ఈ సంగతి తెలియడంలో మన తెలుగు ఊరికీ పేరుంది. 1868 ఆగస్టు 18న గుంటూరులో సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త అంత దూరం నుంచి గుంటూరు వచ్చి, సూర్యుడి అంచున లేచే మంటల వెలుగును రంగురంగులుగా విడదీసి చూసిండు. ఆ మంటలు వేడెక్కిన హైడ్రోజన్ అని తేలింది. ఆ యేడు చేసిన పరిశీలనల నుంచే హీలియం అనే కొత్త పదార్థం సంగతి కూడా బయటపడ్డది. భూమి మీద దొరకకముందే సూర్యుడిలో కనపడ్డది కాబట్టి గ్రీకు భాషలో సూర్యుడి పేరే దానికి పెట్టిండ్రు.

2023లో మా చాయ్ హోటల్లో చెప్పుకున్న సిగ్నల్ కూడా హైడ్రోజన్‌దే. చల్లటి హైడ్రోజన్ 21 సెంటీమీటర్ల అలను వదులుతుంది. ఖోడద్ పట్టిన అల ఒక దూరపు చుక్కల గుంపు నుంచి 880 కోట్ల ఏండ్లు ప్రయాణం చేసి వచ్చింది. ఈ దారిలో విశ్వం సాగింది, అలా సాగింది. 21 సెంటీమీటర్లది 48 సెంటీమీటర్లయి చేరింది. నడుమ ఇంకో చుక్కల గుంపు అడ్డం ఉండి, భూతద్దం లాగ దాన్ని 30 రెట్లు పెంచింది. లేకుంటే అంత దూరపుది వినపడేది కాదట. మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు, చుక్కలకు కావలసిన నూలు ఉందని మాత్రం తెలిసింది.

ఇట్ల పొరపడ్డది మా హోటల్ ఒక్కటే కాదు. 1967లో ఇంగ్లండ్‌లో జోసెలిన్ బెల్ అనే చదువుకునే అమ్మాయి ఒక సిగ్నల్ పట్టింది. 1.33 సెకన్లకు ఒకసారి, తప్పకుండా టక్, టక్ మని. అంత క్రమంగా కొడుతుంటే ఎవరో పంపుతున్నరేమో అని, నవ్వులాటకు 'చిన్న పచ్చ మనుషులు' అని పేరు రాసుకున్నరు. చివరకు అది చచ్చిన చుక్క అని తేలింది. పెద్ద చుక్క కాలి కూలినంక మిగిలిన గుండు, 20 కిలోమీటర్ల వెడల్పు, బరువు మాత్రం సూర్యుడి కంటే ఎక్కువ, గిరగిరా తిరుగుతుంది. దీన్ని పల్సార్ అంటరు. ఖోడద్‌లో ఇట్లాంటివి చాలా వింటరు. ఒక స్టాల్‌లో పల్సార్ చప్పుడు స్పీకర్‌లో పెట్టిండ్రు. నాకు వినపడలేదు. మనుమరాలు నా చెయ్యి తీసి స్పీకర్ మీద పెట్టింది. అప్పుడు తెలిసింది. బెల్ పట్టినది నిమిషానికి 45 సార్లు కొడుతుంది, నేను నడిపిన లూమ్ నూరు దాటి కొట్టేది.

ఆ పిల్లవాణ్నే మళ్లా అడిగిన: "మరి నిజంగా ఎవరి మాటైనా ఇంతవరకు వినపడ్డదా?" "లేదు ఆజోబా, ఎక్కడా ఎవరికీ వినపడలేదు" అన్నడు. 1960లో అమెరికాలో ఫ్రాంక్ డ్రేక్ రెండు చుక్కల దిక్కు డిష్ తిప్పి ఈ వెతుకులాట మొదలుపెట్టిండు. హైడ్రోజన్ అంతటా ఉంది కాబట్టి ఎవరైనా పిలిస్తే ఆ అల మీదే పిలుస్తరని ఆయన లెక్క. ఏమీ దొరకలేదు. 1977 ఆగస్టు 15న ఒహాయోలో 72 సెకన్లపాటు ఒక గట్టి సిగ్నల్ వచ్చింది, మళ్లా రాలేదు. వేరే చుక్కల చుట్టూ తిరిగే గ్రహాలు మాత్రం 5000కు పైగా దొరికినయి. ఇండ్లు కనపడుతున్నయి, లోపల మనుషులున్నరో లేదో తెలియదు.

మన హైదరాబాద్ నుంచి కూడా వెతికిండ్రు. పూణెలో ఉండిన జయంత్ నార్లీకర్ గారు ముందుండి, 2001లో, 2005లో హైదరాబాద్ నుంచి పెద్ద బెలూన్లు 41 కిలోమీటర్ల ఎత్తుకు పంపి అక్కడి గాలిని సీసాల్లో పట్టించిండ్రు. 2005 గాలిలో అంతకుముందు ఎవరూ చూడని మూడు రకాల సూక్ష్మజీవులు దొరికినయి. ఒకదానికి ఆర్యభట్ట పేరు పెట్టిండ్రు. అవి పైనుంచి వచ్చినయని రుజువు కాలేదు, అట్లని వాళ్లు చెప్పలేదు కూడా. నార్లీకర్ గారు 2025 మేలో కాలం చేసిండ్రు.

ఖోడద్‌కు వేరే గ్రహం నుంచి వచ్చిన మాట ఒకటి వినపడ్డది, అది మనం పంపిన యంత్రానిది. 2016 అక్టోబర్ 19న యూరప్ వాళ్ల యంత్రం అంగారకుడి మీద దిగుతుంటే 17 కోట్ల కిలోమీటర్లకు పైబడిన దూరం నుంచి దాని సన్నటి సిగ్నల్‌ను ఈ జాలి పట్టింది. నేల తాకడానికి కొంచెం ముందు ఆ మాట ఆగిపోయింది. యంత్రం పడి పగిలింది.

మన మాట కూడా అటు దిక్కు పోతున్నది. 1977లో అమెరికా పంపిన రెండు వాయేజర్ నౌకల్లో బంగారు పూత పూసిన రికార్డులు ఉన్నయి. వాటిలో 55 భాషల్లో పలకరింపులు. తెలుగు ఉంది, మరాఠీ ఉంది, కన్నడ ఉంది. ఇంట్ల తెలుగు, బజార్ల మరాఠీ, అక్కల్‌కోట్ దిక్కు పోతే కన్నడ, మన షోలాపూర్ మూడు భాషలూ అండ్ల ఉన్నయి. వాయేజర్ 1 ఇప్పుడు సుమారు 2500 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది.

ఇక అసలు చెప్పదలచుకున్న మాట. ఖోడద్ గేటు దగ్గరే మా ఫోన్లన్నీ ఆఫ్ చేయించిండ్రు. ఆకాశం నుంచి వచ్చేది ఎంత సన్నటిదంటే, పక్కన ఒక ఫోన్ మోగినా, మోటారు నిప్పురవ్వ కొట్టినా అందులో మునిగిపోతుంది. చుట్టూ గుట్టలున్నయని, పట్నానికి దూరమని చూసే ఆ జాగ ఎంచుకున్నరు. వినే యంత్రాన్ని మోత నుంచి కాపాడటానికి అంత జాగ్రత్త.

మరి మన చెవులు? ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్స్ దాటొద్దని మన ఫ్యాక్టరీ నియమాల్లో ఉంది. పవర్‌లూమ్ షెడ్డులో ఆ గీత దాటడం మామూలు. లోపలి చెవిలో సన్నటి వెంట్రుకల లాంటి కణాలుంటయి, మోతకు అవి చస్తే మళ్లా మొలవవు. నాకు ఈ సంగతి చెవులు పోయినంక డాక్టర్ చెప్పిండు. నేను పని చేసిన చోట ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. చెవుల్లో దూది పెట్టుకున్నోణ్ని చూసి మేమే నవ్వేటోళ్లం. దూది చాలదు, మెడికల్ షాపుల్లో మెత్తటి ఇయర్ ప్లగ్గులు దొరుకుతయి, ఒక పూట చాయ్ ఖర్చు.

ఖోడద్ నుంచి వచ్చిన మర్నాడు కొడుక్కు రెండు జతలు కొనిచ్చిన. వారం రోజులు జేబులోనే ఉన్నయి. "నాయినా, లూమ్ తప్పు కొడితే చప్పుడు తెలియదు" అన్నడు. తెలుస్తుంది, మోత తగ్గుతుంది కానీ తేడా దొరుకుతుందని చెప్పిన. ఇప్పుడు పెట్టుకుంటున్నడు. బిడ్డ చెప్పే సైన్స్ ముచ్చట్లు వాడు కాగితం మీద చదువుకోవలసిన అవసరం రావద్దు.

మీ ఇంట్ల లూమ్ మీద పోయేటోళ్లుంటే ఈ మాట చెప్పండి. వీలైతే వచ్చే ఫిబ్రవరి 28న పిల్లలను ఖోడద్ తీసుకపోండి. భాకరి, శేంగా చట్నీ వెంట కట్టుకోండి, ఎండ బాగా ఉంటది. ఫోన్లు గేటు దగ్గరే ఆఫ్ చేయాలె.