పద్మిని లెక్క

మాండవిలో మా ఇంటి ముందర రేకుల షెడ్డులో 1991 నాటి ప్రీమియర్ పద్మిని ఒకటి ఉంది. బాపు కొన్నది. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. ఈ ఏటితో దాని రిజిస్ట్రేషన్ గడువు తీరుతుంది. ఉంచుకోవాలా, అమ్మాలా?

బ్యాంకులో ఇతరుల ఆస్తులకు విలువ కట్టడం నా పని. అందుకని మొదట కాగితం తీసుకున్నాను. లక్ష రూపాయల వస్తువుకు ఏటా 15 శాతం తరుగుదల వేస్తూ పోతే 35 ఏళ్ళకు మిగిలేది సుమారు 340 రూపాయలు. ఖర్చు మాత్రం పెరుగుతూనే ఉంది. 15 ఏళ్ళు దాటిన కారుకు రిజిస్ట్రేషన్ పొడిగింపు ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలయింది. 20 ఏళ్ళు దాటినవాటికి 2025 ఆగస్టులో 10,000 చేశారు. ఆపైన పర్యావరణ పన్ను, ఇన్సూరెన్సు. పెట్రోలులో ఇప్పుడు కలుస్తున్న 20 శాతం ఇథనాల్‌ను పాత రబ్బరు గొట్టాలు తట్టుకోవు, మార్పించాలి. కుర్లా కర్మాగారంలో పద్మిని తయారీ 2001 నాటికే ఆగిపోయింది. ముంబయిలో చివరి పద్మిని టాక్సీ కూడా 2023 అక్టోబరులో సెలవు తీసుకుంది. విడిభాగాలు వెతుక్కోవలసిందే. లెక్క అమ్మమనే చెప్పింది.

బేరమూ వచ్చింది. హైదరాబాదులో హోటలు పెడుతున్న ఒకాయన నేననుకున్నదానికి రెట్టింపు ఇస్తానన్నాడు. ఇంజను తీసేసి, రంగు వేయించి, హోటలు ముందర నిలబెడతాడట. జనం పక్కన నిలబడి ఫొటోలు దిగుతారట.

అవ్వ విన్నది. "అమ్ముతే అమ్ము బిడ్డా. గని దాని పానం దీసి అమ్మకు" అన్నది.

1956 దాకా మా కిన్వట్ తాలూకా ఆదిలాబాదు జిల్లాలోనిదే. హద్దులు మారినా మా చుట్టరికాలు అటే ఉండిపోయాయి. ప్రతి పెండ్లికీ ఈ కారులోనే పోయేవాళ్ళం. ముందరి సీటు బల్లలాగా ఒకటే, గేరు స్టీరింగు పక్కన. బాపుకూ అవ్వకూ నడుమ నా బిడ్డ కూచునేది. అది మరాఠీ బడిలో చదివింది. ఆదిలాబాదులోకి రాగానే బాపు కారు నెమ్మది చేసి దుకాణాల బోర్డులు చదివించేవాడు. వెనుక బండ్లవాళ్ళు హారన్లు కొడుతున్నా, అది ఒత్తు పలికేదాకా ముందుకు కదిలేవాడు కాదు. నా బిడ్డకు తెలుగు చదవడం వచ్చింది అట్లా.

అవ్వ మాట తరువాత షెడ్డులోకి పోయి చూశాను. ఎలుకలు తీగలు కొరికాయి. టైర్లు పగుళ్ళు బారాయి. నిరుడు మొత్తం మీద నాలుగుసార్లు బయటికి తీశానేమో. కారు వాడకంతో పాడవదు, నిలబెడితేనే పాడవుతుందని మెకానిక్కు ఎన్నడో చెప్పాడు. హోటలాయన ఒక్కరోజులో చేయబోయిన పనిని నేను తొమ్మిదేళ్ళుగా చేస్తున్నాను. బాపు గుర్తుగా దాచుకున్నాననుకున్నాను గాని, మూలకు పడేశాను.

హోటలాయనకు లేదని చెప్పాను. మరమ్మతు చేయించి, తనిఖీ చేయించి, ఫీజు కట్టాను. ఐదేళ్ళ డిపాజిట్ తిరగరాసినట్టే. షరతు కూడా రాసుకున్నాను. ప్రతి ఆదివారం నడపాలి. వరుసగా మూడు నెలలు తప్పితే, ధర తక్కువైనా సరే, నడిపేవాడికే అమ్మేయాలి.

మొన్నటి ఆదివారం అవ్వను కూచోబెట్టుకొని ఆదిలాబాదు పోయాను. దారిలో ఒకచోట ఆగిపోయింది. తోసిపెట్టిన పిల్లల్లో ఒకడు, "అమ్ముతారా సార్?" అన్నాడు.

"2031లో అడుగు" అన్నాను.