కొర్రమట్టకు కప్పపిల్ల

మా మేనమామ గాలానికి బెండు కట్టేవాడు కాదు. బెండూ ఎర్రలూ పరకలకు, జెల్లలకు. కొర్రమట్టకు మాత్రం బతికున్న కప్పపిల్లే కావాలనేవాడు.

ఇచ్చోడ దగ్గర మా ఊరి చెరువు పెద్దదేం కాదు. ఒక ఒడ్డు నిండా తామరాకులు, తూము పక్కన తుంగ, కట్ట అవతల పత్తి చేన్లు. తొలకరి పడ్డాక, తెల్లారకముందే ఇద్దరం కట్ట ఎక్కేవాళ్లం.

"సప్పుడు జెయ్యకు అల్లుడా. మన నీడ నీళ్ల మీద పడొద్దు."

కప్ప వీపు తోలుకు మాత్రమే కొక్కెం గుచ్చేవాడు. ఇంకాస్త లోపలికి దిగితే కప్ప ఈదదు, ఈదని కప్ప జోలికి కొర్రమట్ట రాదు. వెదురు కట్టె చాచి, తామరాకుల నడుమ జానెడు జాగాలో కప్పను నీళ్లకు తాకించి లేపేవాడు. మళ్లీ తాకించేవాడు. నీళ్లు భళ్లున లేచేవి. అప్పుడే గుంజొద్దు. కప్పను నోట్లో సర్దుకొని అది కిందికి దిగాలి, దారం బిగవాలి.

కొర్రమట్టకు మొప్పలొక్కటే చాలవు, పైకొచ్చి గాలి మింగాల్సిందే. అంగట్లో తొట్టెలో కొన్ని నీళ్లు పోసి ప్రాణంతో అమ్మగలిగేది అందుకే. మామకు ఆ గుటకే జాడ.

మృగశిర కార్తెకు ఊరంతా చేప తినాలంటుంది. కొర్రమట్ట గుడ్లు పెట్టే కాలమూ వానలతోనే మొదలవుతుంది. ఆ రోజుల తర్వాత ఒక పొద్దున తుంగ పక్కన నీళ్ల మీద ఎర్రటి మరక కదిలింది. వంగి చూస్తే అవన్నీ పిల్లలు, పండు మిరప రంగులో, ఒక్కసారే పైకొచ్చి నోళ్లు తెరిచి మునుగుతున్నాయి. వాటి కింద నల్లటి వీపు.

"ఆడ ఎయ్యి, ఇప్పుడే పడ్తది" అన్నాడు కట్ట మీద ఇంకొకాయన. నిజమే. పిల్లలను కాస్తున్న కొర్రమట్ట ఆకలి లేకున్నా దగ్గరికొచ్చిన దేన్నయినా కొడుతుంది. మామ కట్టె దించేశాడు.

"వొద్దు. దాన్ని దీస్తే పొద్దుగూకెదాంక ఇయన్నీ కొంగల పాలే."

మామ కొడుకు ఇప్పుడు టెక్సస్‌లో బాస్ చేపకు గాలం వేస్తాడు. అక్కడా ఆకుల మధ్య కప్పే ఎర, కాకపోతే రబ్బరుది. మగ బాస్ గూడు కాస్తుందట. ఆ మాట ఫోన్లో విని మామ ఎంతో సంబరపడ్డాడు.

2016లో ఈ కొర్రమట్టే, కొర్రమీను పేరుతో, తెలంగాణ రాష్ట్ర చేప అయింది. ఉచిత చేపపిల్లల పంపిణీ కూడా అప్పటిదే. చెరువుల్లో పోసేది ఎక్కువగా బొచ్చె, రవ్వ, బంగారుతీగ. వాటి పిల్లలను తింటుందని మత్స్యకారులకు కొర్రమట్ట మీద కోపం. వాళ్ల బతుకు ఆ చేపల మీదే, ఆ కోపాన్ని తప్పు పట్టలేను. కానీ పూడిక తీసేటప్పుడు ఒడ్డంతా గీకి చదును చేస్తే కొర్రమట్ట గూడెక్కడ పెట్టాలి? పూడిక తియ్యాలి, నీళ్లు నిలవాలి. తూము పక్క తుంగను మాత్రం వదిలెయ్యమని ఊళ్లో కనబడిన పెద్దమనిషినల్లా అడుగుతున్నాను.